గోడ మీద ముందే వచ్చిన శుక్రవారం

కొత్తగా ఆరోగ్యశాఖలో చేరిన పిల్లలారా, మిమ్మల్ని చూస్తే నాకు కొంచెం కుళ్లుగానే ఉంటుంది. మీ చేతికి ట్యాబ్ ఇచ్చారు. ఇంటి ముందు నిలబడి ఫోటో తీసి పంపితేనే ఆ ఇంటికి వెళ్లినట్టు లెక్క. మొన్నమొన్నటిదాకా మా చేతికి ఇచ్చింది సుద్దముక్క. అది ఉంటే చాలు, కుర్చీలోంచి లేవకుండా ఊరంతా తిరిగి రావచ్చు. ఆ విద్యలో నేను ఆరితేరినదాన్ని. కాబట్టి ఈ సంగతి నేను చెబితేనే బాగుంటుంది.

నేను బచ్చన్నపేట వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సూపర్‌వైజరుగా చేసి రిటైరయ్యాను. నేనున్నన్నాళ్లూ మా దగ్గర డెంగీ ఉండేది కాదు. జ్వరం ఉండేది. ఒళ్లు విరిచినట్టు నొప్పులు ఉండేవి, కళ్ల వెనక పోటు ఉండేది, రక్తంలో కణాలు పడిపోయేవి, ఊళ్లో ఏ బొప్పాయి చెట్టుకూ ఆకు మిగిలేది కాదు. అయినా అది డెంగీ కాదు. కాగితం మీద దాని పేరు ‘అనుమానిత జ్వరం’. అనుమానం మాకు ఎంత ఎక్కువైతే పై ఆఫీసులో అంత ప్రశాంతంగా ఉండేది.

వానాకాలం మొదలైతే ప్రతి శుక్రవారం మేము ఇంటింటికీ పోవాలి. తొట్లు, డ్రమ్ములు, కూలర్లు, పాత టైర్లు చూడాలి. నీళ్లలో దోమపిల్లలు కనిపిస్తే ఒంపించాలి. ఏమీ లేకపోతే ద్వారం పక్కన గోడ మీద సుద్దముక్కతో తారీఖు వేసి, పక్కన సున్నా చుట్టి, పొట్టి సంతకం పెట్టాలి. పై నుంచి అధికారి ఎవరైనా వస్తే ముందు చూసేది ఆ గోడనే. గోడ బాగుంటే ఊరు బాగున్నట్టే.

మరి శుక్రవారం ఇళ్లకు పోవాలని మాకు గట్టిగా చెప్పడానికి జిల్లా కేంద్రంలో మీటింగు ఎప్పుడు పెట్టేవాళ్లనుకున్నారు? శుక్రవారమే. పొద్దున పోతే సాయంత్రం దాకా కూర్చోబెట్టి, ఇళ్లకు ఎందుకు పోవడం లేదని అడిగేవాళ్లు. ఇద్దరు మనుషుల పని ఒకరు చేసే చోట నేనొక ఉపాయం కనిపెట్టాను. నెల మొదట్లో ఒకరోజు వాడకు పోయి, ఆ నెలలో రాబోయే శుక్రవారాలన్నీ ఒకేసారి గోడ మీద వేసేయడం. నాలుగు తారీఖులు, నాలుగు సున్నాలు, నాలుగు సంతకాలు. ఆ సున్నాలు చూసుకునే పంచాయతీ ఆఫీసులో మైకు పట్టుకుని, దోమ లేదు, డెంగీ లేదు అని చెప్పేదాన్ని.

మా ఆశా కార్యకర్త మొదట్లో నసిగింది. “ఇంకా రాని తారీఖు ఎట్ల ఏస్తం మేడం?” అంది.

“వచ్చినంక ఎట్లైనా ఏసేదే గద,” అన్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

మా దగ్గర ఇంకొకాయన ఉండేవాడు. నాకంటే రెండేళ్లు పెద్ద. ఊళ్లన్నీ ఆయన్ని మలేరియా సారు అని పిలిచేవి. చేతిలో పొడుగు కాడ ఉన్న గరిటె, జేబులో టార్చిలైటు లేకుండా ఎప్పుడూ కనిపించలేదు. ఎవరింటికి పోయినా కూర్చోమనేలోపే వంగి తొట్టిలోకి చూసేవాడు. పొగ మిషన్ అంటే ఆయనకు ఒళ్లు మంట. “పొగ పెడితే దోమ జర దగ్గుతది, పక్కింట్ల కూసుంటది, మనం పోయినంక మళ్ల వస్తది,” అనేవాడు. కానీ జనానికి పొగ కావాలి. కంటికి కనిపించేది అదొక్కటే కదా. నాయకులకు ఇంకా ఎక్కువ కావాలి. ఒక పెద్దమనిషి ఇంటి ముందు ఒకే వారంలో మూడుసార్లు పొగ పెట్టించారు. మొదటి రెండుసార్లు ఫోటోలో ఆయన మొహం సరిగా పడలేదట.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. ఒక పొద్దున జిల్లా ఆఫీసు నుంచి నా ఫోనుకు ఒక కేసు వచ్చింది. జనగామ దవాఖానలో ఎనిమిదో నెల గర్భిణి, జ్వరం, డెంగీ అని పరీక్షలో తేలింది. పక్కన ‘బచ్చన్నపేట వైపు నుంచి వచ్చారు’ అని ఉంది. పరీక్షలో తేలాక ఇక అనుమానం అనడానికి వీల్లేదు. వెంటనే ఆ ఇంటికి పోవాలి. దోమ ఎక్కడ పుట్టిందో వెతకాలి. ఆ ఇంట్లో, చుట్టుపక్కల ఇళ్లలో ఇంకెవరికైనా జ్వరం ఉందేమో చూడాలి. కేసు విచారణ అంటే ఇంతే. పెద్ద విద్యేమీ కాదు, కాళ్లుంటే చాలు.

నేను చేసిన విచారణ ఏమిటంటే, ఆమె ఆధార్ కార్డు ఫోటో తెప్పించుకున్నాను. కార్డు మీద మొగుళ్లపల్లి మండలం అని ఉంది. అంటే భూపాలపల్లి జిల్లా. నా ప్రాణం లేచి వచ్చింది. ‘మా పరిధిలోనిది కాదు’ అని రాసి, కేసును భూపాలపల్లికి పంపించి, చేతులు దులుపుకుని టీ తెప్పించుకున్నాను.

మలేరియా సారు ఆ కాగితం చూసి, “కార్డుల ఉన్నది సరే. ఈ పదిహేను దినాలు ఆమె పండుకున్నది ఎక్కడ? అడిగినవా?” అన్నాడు.

“ఫారంల ఆ గడి లేదు సార్,” అన్నాను. నిజంగానే లేదు. పేరు, వయసు, శాశ్వత చిరునామా ఉన్నాయి. దోమ శాశ్వత చిరునామా చూసి కుడుతుందని ఆ ఫారం చేసినవాళ్ల నమ్మకం కాబోలు.

జిల్లాలు విడిపోకముందు మేమంతా వరంగల్‌లో ఒకే ఆఫీసు వాళ్లం. అప్పుడైతే ఇలాంటి మాట టేబుల్ మీద నుంచి గట్టిగా అరిస్తే అయిపోయేది. ఇప్పుడు ఉత్తరం పై ఆఫీసుకు ఎక్కి, అక్కడి నుంచి పక్క జిల్లా పై ఆఫీసుకు పోయి, అక్కడి నుంచి కిందికి దిగాలి. నాలుగో రోజు మొగుళ్లపల్లి వైపు పనిచేసే, తమ్ముడిలాంటి మా పాత ఆఫీసు మనిషొకడు ఫోన్ చేశాడు.

“అక్కా, నీకు నేనే దొరికిన్నా? ఆ గర్భిణి అత్తగారింటికి పొగ మిషన్ తోటి పోయినం. ఆ ముసలామె కట్టె పట్టుకొని మీదికొచ్చింది. ‘కోడలు లేదు, కొడుకు లేడు, ఇంట్ల నేనొక్కదాన్నే ఉన్న, పొగ ఎవలికి పెడుతున్రు’ అన్నది. కోళ్లన్నీ చెదిరి పోయినయట, ఒకటి ఇప్పటిదాంక దొరకలేదట.”

“మరి పొగ పెట్టిన్రా?”

“పెట్టకుంటే ఫోటో ఎట్ల వస్తదక్కా? పెట్టినం. కోడలు కాన్పుకు తల్లిగారింటికి పోయిందని చెప్పింది. తల్లిగారిది మహబూబాబాద్ జిల్లా. ఆడికి రాసిన.”

కాన్పుకు పుట్టింటికి పోవడం మన ఆడవాళ్లందరూ చేసేదే. నేనూ పోయాను. కార్డు అత్తగారింట్లో ఉంటుంది, మనిషి పుట్టింట్లో ఉంటుంది. ఈ ముక్క తెలియడానికి ఆరోగ్యశాఖలో ఉద్యోగం అక్కర్లేదు. ఉద్యోగం ఉంటేనే మరిచిపోతాం.

మహబూబాబాద్ వాళ్లు ఇంకొన్ని రోజులకు ఆ ఊరు పోయి తండ్రిని పట్టుకున్నారు. ఆయన చెప్పిన మాటను వాళ్లు ఉన్నదున్నట్టు కాగితం మీద పెట్టారు: “తల్లి లేని పిల్లకు నేనేం కాన్పు చేస్త సారూ? ఏడో నెల్లనే మా పెద్దబిడ్డ వచ్చి తోలుకపోయింది.” పెద్దబిడ్డ ఉండేది ఎక్కడ? బచ్చన్నపేట మండలంలో, మా ఆరోగ్య కేంద్రానికి ఆటోలో పావుగంట దూరంలో.

ఇలా పదకొండు రోజులు పట్టింది. మా ఉత్తరం మూడు జిల్లాలు చూసి వచ్చింది. దోమకు మాత్రం ఏ కార్డూ లేదు కాబట్టి ఎక్కడికీ తిరగలేదు. ఉన్నచోటనే ఉండి తన పని తాను చేసుకుంది.

ఆ కాగితం నా టేబుల్ మీదికి తిరిగి వచ్చింది గురువారం పొద్దున. వాడ పేరు రెండుసార్లు చదివాను. అది నేను నెల మొదట్లో నాలుగు శుక్రవారాలు ఒకేసారి వేసొచ్చిన వాడ. మలేరియా సారు గరిటె తీసుకుని బయటికి నడిచాడు. ఆశాను కూడా ఆటోలో ఎక్కించుకుని పోయాం.

రెండు గదుల రేకుల ఇల్లు. ఆ పెద్దక్కకు ముప్పై ఏళ్లు దాటి ఉంటాయి. పత్తి చేన్లకు కూలికి పోతుంది. భర్త లారీ మీద దూరం పోయాడు. గర్భిణి చెల్లెలు నాలుగు రోజుల కిందటే దవాఖాన నుంచి వచ్చిందట, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆమె ఒళ్లో తల పెట్టుకుని తొమ్మిదేళ్ల ఆడపిల్ల పడుకుని ఉంది. పెద్దక్కకు ఆ పిల్ల ఒక్కతే.

“బిడ్డకు ఏమైంది?” అన్నాను.

“నాలుగు దినాలు జరం మేడం, కాలిపోయింది. ఆర్‌ఎంపీ సూదులు ఏసిండు. ఇయ్యాల పొద్దుగాల చెయ్యి పెట్టి చూసిన, సల్లగైంది. జర నిమ్మళమైంది,” అంది పెద్దక్క. ఆమె మొహంలో నిజంగానే నిమ్మళం ఉంది.

నేను పిల్ల చెయ్యి పట్టుకున్నాను. చల్లగా, చెమటగా ఉంది. పాదాలూ అంతే. పొట్ట మీద చెయ్యి వేస్తే ముడుచుకుపోయింది. పొద్దుటి నుంచి మూడుసార్లు వాంతి చేసుకుందట. పేరు పెట్టి పిలిస్తే కళ్లు తెరిచి మళ్లీ మూసుకుంది. చిగుళ్ల దగ్గర ఎర్రటి చార కనిపించింది.

డెంగీలో మోసం ఇక్కడే ఉంది పిల్లలారా, ఇది ఒక్కటి గుర్తుపెట్టుకోండి. జ్వరం ఉన్నప్పుడు కాదు, జ్వరం దిగాక ప్రాణం మీదికి వస్తుంది. జ్వరం తగ్గిందని తల్లి దేవుడికి దీపం పెట్టుకునే పూటనే లోపల రక్తనాళాల్లోంచి నీరు జారిపోతూ ఉంటుంది. గంటలు లెక్క.

బయట మలేరియా సారు పిలిచాడు. ఆ వాడలో నల్లా నీళ్లు సన్నగా వస్తాయి. అందుకని ప్రతి ఇంట్లోనూ పైపును నేలకంటే కిందికి కోసి, మోకాలి లోతు గుంత తవ్వి, అందులో బిందె పెట్టి పట్టుకుంటారు. పిల్లలు పడకుండా మీద బండ కప్పుతారు. తొట్లు, డ్రమ్ములు మా కాగితంలో ఉన్నాయి గానీ నల్లా గుంత లేదు. ఉన్నా నేను చూసి ఉండేదాన్ని కాదు. సారు బండ జరిపి, గరిటెతో నీళ్లు తీసి నా ముందు పెట్టాడు. తేటనీళ్లలో దోమపిల్లలు కిక్కిరిసి మెలికలు తిరుగుతున్నాయి.  

నేను లోపలికి పోయి, “చెల్లె, బిడ్డను ఇప్పుడే జనగామకు తీసుకపోవాలె. అంబులెన్సుకు ఫోన్ చేస్తున్న. ఆలస్యం చేయొద్దు,” అన్నాను.

పెద్దక్క కదల్లేదు. “జరం దిగింది గద మేడం. వారం దినాలు చెల్లెతోటి దవాఖానల ఉండి వచ్చిన. మళ్ల ఇప్పుడు ఒక్కదాన్ని ఎట్ల పోత? ఆయన రానీ, చూద్దాం.”

“ఆయన వచ్చేదాంక ఆగదు. గిది డెంగీ.”

“డెంగీనా?” ఆమె లేచి నిలబడింది. “మా వాడల డెంగీ లేదు, దోమ లేదని పంచాయతీ ఆఫీసుల మీరే గద చెప్పింది. మైకుల చెప్పిన్రు. నేనున్న ఆడ.”

“చెప్పిన గానీ…”

“గిట్ల రాండ్రి మేడం.” నన్ను ద్వారం దగ్గరికి తీసుకుపోయింది. ఆమె పదో తరగతి దాకా చదువుకున్న మనిషి. గోడ మీద నా రాతను వేలితో చూపించింది. “ఇయ్యాల బేస్తారం. రేపు శుక్రారం. మీరు రేపు వచ్చి మా ఇల్లంత చూసిన్రు. ఏం పురుగు లేదని సున్నా చుట్టిన్రు. కింద సంతకం గూడ పెట్టిన్రు. మరి రేపు మంచిగున్న ఇంట్ల ఇయ్యాల డెంగీ ఎట్లొచ్చింది? నేను మీ ఏ మాట నమ్మాలె?”

అప్పటికే వాడ ఆడవాళ్లు, ఇద్దరు ముగ్గురు మగవాళ్లు వాకిట్లో చేరారు. ఒకతను ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. 

నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నా నాలుక చివరికి వచ్చిన మాట ‘ఇది ఆశా రాసింది’ అని. పక్కనే నిలబడి ఉంది పాపం. ఆమెకు కూడా తెలిసిపోయింది నేనేం అనబోతున్నానో. తల వంచుకుని, కొంగు వేలికి చుట్టుకుంటూ ఉంది. నేను అంటే ఆమె ఒప్పుకునేది కూడా. మా శాఖలో తప్పు ఎప్పుడూ కింది మెట్టు దగ్గరే ఆగుతుంది, పైకి ఎక్కడం దానికి చేతకాదు. కానీ ఆశా మీదికి తోస్తే ఆ తల్లి ఏమనుకుంటుంది? వీళ్లలో వీళ్లకే పడదు, వీళ్ల మాట మీద పిల్లను ఎందుకు తీసుకుపోవాలి అనుకుంటుంది. లోపల పిల్ల మళ్లీ వాంతి చేసుకుంటున్న చప్పుడు వినపడింది.

“ఆ రాత నాదే చెల్లె,” అన్నాను. “నేను అబద్ధం రాసిన. నెలకొక్కసారి వచ్చి అన్ని తారీఖులు ఒక్కదినమే ఏసిన. మీ గుంత ఎన్నడూ చూడలే. నీ చెల్లె కేసు నాకు పదకొండు దినాల కింద వచ్చింది. కార్డు మీద వేరే జిల్లా ఉన్నదని తోసేసిన. అప్పుడే వస్తే నీ బిడ్డకు రాకపోతుండె. మైకుల చెప్పింది అబద్ధం, గోడ మీద రాసింది అబద్ధం. ఇప్పుడు చెప్పేది మాత్రం నిజం. ఈ పొద్దు దాటితే బిడ్డ దక్కదు.”

 చెల్లెలు లోపలి నుంచి మెల్లగా అంది: “దవాఖానల నన్ను ఎవ్వలు అడగలే అక్కా, ఎక్కడ ఉంటున్నవని. అడిగితే చెప్తుంటి.”

పెద్దక్క నా మొహంలోకి చూస్తూ నిలబడింది. కొడుతుందనుకున్నాను. కొట్టినా పడేదాన్ని. “గిది నిజమేనా?” అంది. “నిజమే,” అన్నాను. ఆమె లోపలికి పోయి పిల్లను భుజాన వేసుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి వచ్చింది.

జనగామలో చూసి ఆగకుండా వరంగల్ పంపించారు. అక్కడి పిల్లల డాక్టరు, “సాయంత్రం తెస్తే చేసేది ఏమీ ఉండేది కాదు,” అన్నాడు. రెండు రోజులు సన్నటి చేతికి సూదులు, సెలైన్లు. పిల్ల మూత్రం పోస్తేనే గట్టెక్కినట్టని చెప్పారు. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. పెద్దక్క నా ముందు నుంచి పదిసార్లు తిరిగినా నాతో మాట్లాడలేదు. మాట్లాడటానికి నాకూ మొహం చెల్లలేదు.  నాకూ ఒక కూతురు ఉంది. దాని చిన్నప్పటి మొహమే కళ్ల ముందు తిరిగింది.

మూడో రోజు పొద్దున ఆమే నా దగ్గరికి వచ్చింది. “ఒంటికి పోసింది మేడం,” అంది. ముప్పై ఏళ్ల పైబడిన ఉద్యోగంలో అంతకంటే మంచి వార్త నేను వినలేదు. ఇద్దరం ఏడ్చాం. తర్వాత ఆమె ముక్కు తుడుచుకుని అంది: “మీరిక్కడ కూసొని ఏం జేస్తరు? మా వాడల ఇంక మస్తు పిల్లలున్నరు. పోయి ఆ గుంతలు చూడుండ్రి.”

పోయాను. మలేరియా సారు అప్పటికే సగం వాడ బండలు జరిపించాడు. మిగతా సగం నేను జరిపించాను. వంగీ వంగీ నడుము పట్టేసింది. ఇంకో నలుగురికి జ్వరం ఉంటే ఆ పూటే పంపించాం. అందరూ ఇళ్లకు తిరిగొచ్చారు. గర్భిణికి నెలలు నిండాక మగపిల్లాడు పుట్టాడు. కార్డు మీద ఏ ఊరు ఉందో నేను అడగలేదు.

ఆ తర్వాత రెండు వారాలకు నాకు మెమో వచ్చింది. వాకిట్లో ఎవరో తీసిన వీడియో పై ఆఫీసు దాకా పోయిందట. మెమో వచ్చింది గోడ మీద రాని తారీఖులు వేసినందుకు కాదు. కేసును కార్డు చూసి తోసేసినందుకూ కాదు. ‘నలుగురిలో శాఖ పరువు పోయే విధంగా మాట్లాడినందుకు మీపై చర్య ఎందుకు తీసుకోకూడదో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వగలరు’ అని. నా మొత్తం సర్వీసులో నాకు వచ్చిన మెమో అదొక్కటే.

తెలిసినవాళ్లు సలహా ఇచ్చారు. ఒత్తిడిలో నోరు జారానని రాస్తే సరిపోతుందన్నారు. ఆశా మీద పెట్టేయమని కూడా ఒకరన్నారు. మూడు పేజీలు రాసి చింపేశాను. చివరికి ఇచ్చిన సంజాయిషీ ఇది:

‘అయ్యా, ఆ రోజు నేను నిజం ఒప్పుకోకపోతే ఆ తల్లి కదిలేది కాదు, పిల్ల దక్కేది కాదు. అందుకే ఒప్పుకున్నాను. కానీ మొదటి రోజే ఆ ఇంటికి పోయి ఉంటే ఒప్పుకోవలసిన మాటే ఉండేది కాదు. తమరు మెమో ఇచ్చింది ఒప్పుకున్నందుకు. పోనందుకు కూడా ఒకటి ఇప్పించగలరని ప్రార్థన.’